నలభై నాలుగు డిగ్రీల దగ్గర

ఆ స్ఫటికం అంత అందంగా పుట్టకపోయి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు.

కాకినాడ బీచి రోడ్డుకు కాస్త ఇవతల, ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఏడాదికోసారి తుప్పుపట్టే పరిశోధనాలయం అది. మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి గవర్రాజు గాజుపళ్లెం మీది మూత తీసి, ఆ చేతిని అలాగే గాల్లో ఉంచేశాడు. పళ్లెం అడుగున బొటనవేలి గోరంత పసుపుపచ్చ స్ఫటికం ఉంది. అంచులు ఉలితో చెక్కినట్టున్నాయి. దాని కింద కాగితం పెడితే అక్షరాలు చదువుకోవచ్చు. ఆరేళ్లుగా ఆ పళ్లాల్లో పుట్టినవన్నీ మసకమసగ్గా బియ్యపు నూకల్లా ఉండేవి. కబురు విని సత్యవేణి గబగబా వచ్చింది. ఈ పదార్థాన్ని కనిపెట్టిన మనిషి ఆమే. చూడగానే మొహం చాటంత అయింది.

గవర్రాజు మాత్రం నవ్వలేదు. ఆయనది నాలుగు తరాలుగా పటికబెల్లం వండిన కుటుంబం. పాకంలో దారాలు వేలాడదీసి వాటి మీద కండ, అంటే చక్కెర గడ్డ, కట్టించడం చిన్నప్పుడే చేతికి వచ్చేసింది. ఇక్కడ అటెండరుగా చేరి, ఇరవై ఏళ్లలో స్ఫటికాలు పెంచే మనిషయ్యాడు. పేరు వెనక డిగ్రీ ముక్క ఒక్కటీ లేదు గానీ, ఆయన సెలవు పెట్టిన వారం డాక్టరేట్లందరూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే.

"కండ మనం అడిగినట్టు రావాలండి మేడం గోరూ. అడక్కుండా ఇంత అందంగా వచ్చిందంటే పాకంలో ఏదో తేడా వచ్చినట్టండి," అన్నాడు.

ఆయనకు పుట్టుకతోనే అనుమానమని సత్యవేణి ఆటపట్టించింది. ఒక విడత స్ఫటికాలు కడిగిన ద్రావణంలోంచి రెండు చుక్కలు తర్వాతి పళ్లాల్లో వేయడం అక్కడి అలవాటు. నిన్నటి పెరుగుతో ఇవాళ్టి పాలు తోడుపెట్టినట్టే. ఆ అలవాటు నేర్పింది గవర్రాజే. ఆరేళ్లుగా ఏ విడతా చెడిపోకుండా కాపాడింది కూడా అదే. ఆ పూట కూడా ఆయన మనసు ఒప్పుకోకుండానే పన్నెండు పళ్లాల్లో రెండేసి చుక్కలు వేశాడు.

సత్యవేణికి ఇంకో ఆనవాయితీ ఉంది. ప్రతి విడతలో మొదటి స్ఫటికాన్ని రుమాల్లో చుట్టుకుని, మధ్యాహ్నం భోజనానికి వెళ్లినప్పుడు భర్త చేతిలో పెట్టేది. అయితే అది కొలతలన్నీ పూర్తయ్యాక చేసే పని. ఇల్లు అలకగానే పండగ కాదని పదిమందికి చెప్పే మనిషే, ఆ రోజు సంబరం పట్టలేక కొలవకుండానే పట్టుకుపోయింది.

భర్త సూరిబాబు ఆమెకు మేనబావ. సర్పవరం రోడ్డులో బస్సు బాడీలు కట్టే షెడ్డు అతనిది. పద్దెనిమిదో ఏట సుత్తి పట్టినవాడు, ఇనుప రేకుల మధ్య నిలబడి కొట్టగా కొట్టగా నలభై దాటకముందే రెండు చెవులూ పోగొట్టుకున్నాడు. తర్వాత పదకొండేళ్లు వాళ్ల కాపురం పెదాలు చదవడంతోనూ చేతి సైగలతోనూ నడిచింది. గొడవ ముదిరితే సూరిబాబు కళ్లు మూసుకునేవాడు. దాంతో సత్యవేణి వాదన ఎంత గట్టిదైనా అక్కడికక్కడే ఓడిపోయేది. ఆ పదార్థం మీద ఆమె అంత పట్టుదలగా పనిచేయడానికి అదొక ముఖ్యకారణమని షెడ్డులో అందరూ నవ్వుకునేవాళ్లు.

పదార్థం సంగతి ఆమె అతనికి బస్సు భాషలోనే చెప్పింది. ఇనుము చుట్టూ కట్టిన అణువులు సీట్లయితే, వాటి మధ్య ఉన్న గుండ్రటి అణువులు ప్రయాణికులు. నలభై నాలుగు డిగ్రీలకు పైన ఎవరూ సీట్లో కూర్చోరు, లేచి నిలబడి ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంటారు. ఆ వేడి కిందికి దిగగానే అందరూ ఒక్కసారిగా కూర్చుని డ్రైవరు వైపే చూస్తారు. అలా అందరూ ఒకవైపు చూడటంలోనే బలమంతా ఉంది. ఏ కాస్త నొక్కినా విద్యుత్తు పుడుతుంది. శబ్దం తాకిడి కూడా చాలు. ఉల్లిపొర కంటే పల్చటి పూతగా చేసి చెవి లోపలికంటా అమరిస్తే, వచ్చిన శబ్దాన్ని విద్యుత్తుగా మార్చి నరానికి అందిస్తుంది. బ్యాటరీ అక్కర్లేదు. దాని మీద రక్షణగా ఇంకేదైనా కప్పితే శబ్దం మొద్దుబారుతుంది కనక ఆ పొర గాలికి తెరుచుకునే ఉంటుంది. ఒకసారి నరంతో అతుక్కుందంటే తీసి ఇంకోటి పెట్టడం కుదరదు. ఒక చెవికి ఒక్కసారే.

మూడేళ్లలో నలభై ఒక్కమందికి పెట్టారు. మొదటివాడు సూరిబాబు, రెండు చెవులకూ.

ఆ మంగళవారం అతను అన్నం ముందు కూర్చుని స్ఫటికాన్ని వేళ్ల మధ్య తిప్పాడు, కుడిచెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాడు. చూడ్డానికి బాగుంది గానీ ఇది పలకని మొండిఘటంలా ఉందే అన్నాడు. సత్యవేణి నవ్వి, పప్పులో నెయ్యి వేసింది.

గురువారం పొద్దున్న ఆ స్ఫటికాన్ని వెనక్కి తెచ్చి కొలతలు తీశారు. నొక్కినా, కదిపినా, చల్లార్చినా మీటరు సున్నా దగ్గరే ఉంది. తీగ ఊడిందేమోనని మార్చి చూశారు. తీగ బాగానే ఉంది. గవర్రాజు కొత్తగా పుట్టిన పన్నెండు పళ్లాల్లోంచీ తలొకటీ తెచ్చాడు. అన్నీ అందంగా ఉన్నాయి, అన్నీ సున్నాయే.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి, సూరిబాబుకు కుడిపక్కన నిలబడి కూర ఇంకాస్త వేయమంటావా అని అడిగింది. అతను తల తిప్పలేదు. రెండోసారి అడిగినా తిప్పలేదు. ఎడమపక్కకు వచ్చి అడిగితే, చాలే అన్నాడు మామూలుగా. గరిటె అక్కడే పెట్టేసి ఎప్పటినుంచని అడిగింది. మంగళవారం సాయంత్రం నుంచి, జలుబు చేసిందేమోననుకున్నాను, నువ్వు పనిలో ఉన్నావని చెప్పలేదు అన్నాడు. సత్యవేణికి అర్థమైపోయింది. జలుబు కాదు. తను చేతులారా తెచ్చి అతని చేతిలో పెట్టిన స్ఫటికమే.

జరిగింది తేల్చుకోవడానికి మరో రెండు రోజులు పట్టింది. కొత్త స్ఫటికంలో అణువులు బస్సులోలా కాకుండా రైలు పెట్టెలోలా ఎదురెదురుగా కూర్చున్నాయి. ఒకటి ఇటు తోస్తే ఎదుటిది అటు తోస్తుంది, మొత్తం మీద ఏమీ మిగలదు. పైగా ఆ కూర్చోవడం వాటికి ఎక్కువ సుఖం. సుఖమైన చోటు దొరికినవాణ్ని లేపడం ఎంత కష్టమో తెలిసిందే. తాడిని తన్నేవాడుంటే వాడి తల దన్నేవాడు ఒకడుంటాడంటారు. ఇన్నేళ్లూ ఇదే గట్టి అమరిక అనుకున్నదాన్ని తన్నే అమరిక అది. దాని రేణువు ఒక్కటి తగిలితే చాలు, పాతది కూడా తోడుకుని కొత్తదైపోతుంది. కంటికి కనపడని ఆ రేణువులు ఇప్పుడు బల్లల మీద, గవర్రాజు చొక్కా మీద, సత్యవేణి చీరల మీద, జుట్టులో, రాసుకునే పుస్తకాల్లో ఉన్నాయి. ఎంత కడిగినా పాత స్ఫటికం మళ్లీ పుట్టలేదు. వేరే ఊళ్లో ఇదే స్ఫటికాన్ని పెంచే శాస్త్రజ్ఞుడికి ఫోను చేస్తే, మీరు పంపిన ఉత్తరం విప్పిన మర్నాటి నుంచి మా దగ్గరా అంతే అన్నాడు.

సూరిబాబు ఎడమచెవి ఏ అదృష్టానో ఇంకా బతికే ఉంది. సంగతి తేలిన సాయంత్రమే సత్యవేణి గుమ్మం బయటే నిలబడి, తన చీరలేవీ ముట్టుకోవద్దనీ, ఆ రుమాలు తగలబెట్టమనీ, ఇల్లు రెండుసార్లు తడిగుడ్డతో తుడిపించమనీ చెప్పింది. చెప్పి వెనక్కి తిరిగింది. పరిశోధనాలయం మేడమీద అతిథుల గది ఒకటి ఉంటే అందులో మకాం పెట్టింది.

ఇల్లు అక్కడికి ఆరు వీధుల దూరం. రోజూ పొద్దున్నే ఫోను చేసేది. అతను ఎడమచెవికి పెట్టుకుని, షెడ్డులో ఏ బండి ఎంతవరకూ వచ్చిందో, చారులో ఉప్పెలా ఎక్కువైందో చెప్పేవాడు. ఫోను పెట్టేశాక ఆమె మంచం మీద కూర్చుని ఏడ్చేది. పదకొండేళ్లు ఎదురుగా ఉన్నా అతనికి తన మాట వినపడలేదు. ఇప్పుడు వినపడాలంటే తను ఎదురుగా ఉండకూడదు. ఈ రాత తన చేత్తోనే రాసుకుంది.

చెవుల్లో పొరలు అమర్చే డాక్టర్ షకీలా మిగతా నలభై మందికీ కబురు పెట్టింది. పరిశోధనాలయం మనుషులెవర్నీ దగ్గరికి రానివ్వద్దని చెప్పింది. అప్పటికే ఆలస్యమైంది. నెల తిరిగేసరికి ఆ నలభై మందిలో ఆరుగురికి వినికిడి దెబ్బతింది. వాళ్లలో సామర్లకోట స్టేషన్లో టికెట్లిచ్చే నాగరత్నం ఒకతె. పాపం, ఆ స్ఫటికం పుట్టిన మర్నాడే పరీక్షకు వచ్చి, వెళ్తూ వెళ్తూ సత్యవేణి చేతులు రెండూ పట్టుకుని దణ్ణం పెట్టింది. సాయంత్రానికి ఎడమచెవి మూగబోయింది. ఉన్న ఒక్క చెవితో కౌంటరు దగ్గర ఊరి పేర్లు తారుమారవుతుంటే, పార్సిళ్ల గదికి మార్పించుకుంది. ఆ మాట విన్న రోజు సత్యవేణి అన్నం ముట్టలేదు.

ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు కనక పని ఆపలేదు. చచ్చిన పొరని నలభై నాలుగు డిగ్రీలు దాటిస్తే అందులో అణువులు లేచి నిలబడి, ఎదురెదురు సీట్ల సంగతే మరిచిపోతున్నాయి. ఇంతవరకు బాగానే ఉంది. చల్లారేటప్పుడే వస్తోంది తంటా. గాల్లో ఉన్న రేణువు ఏదో ఒకటి వాలుతుంది, మళ్లీ రైలు పెట్టె తయారవుతుంది. గాలి వడకట్టి చూశారు, గది మార్చి చూశారు, సన్నటి కరెంటు పెట్టి అణువుల్ని ఒకవైపు తిప్పి చూశారు. అరవైసార్లు చేస్తే అరవైసార్లూ అంతే.

ఒకరోజు టీ తాగుతూ గవర్రాజు గ్లాసులోకే చూస్తూ అన్నాడు.

"మా నాన్న జీళ్లపాకం పట్టేటప్పుడు ఒక్క గింజ కట్టినా మొత్తం బరకెక్కిపోయేదండి. గిన్నె ఎంత తోమినా లాభం ఉండేది కాదండి. అందుకని పాకంలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండేసేవాడండి. ఇంక గింజ కట్టమన్నా కట్టేది కాదండి."

సత్యవేణి గ్లాసు కింద పెట్టేసింది. ఇన్నాళ్లూ మురికి లోపలికి రాకుండా చూడాలని తను చస్తుంటే, ఆయన మురికిని మనమే వేద్దామంటున్నాడు. సరైన మురికి కావాలంతే. ఆమెకు మళ్లీ బస్సే గుర్తొచ్చింది. ఎదురెదురు సీట్లలో ఒకడు కాళ్లు బారజాపితే అవతలివాడు కూర్చోలేడు. అదే డ్రైవరు వైపు తిరిగిన సీట్లలో అయితే ఆ కాళ్లు ముందు సీటు కిందికి పోతాయి, ఎవరికీ అడ్డం రావు. అంటే గుండ్రటి అణువుల మధ్యకి పొడుగు కాళ్లవాణ్ని ఒకణ్ని ఎక్కించాలి.

అలాంటి అణువులు పదకొండు తయారుచేశారు. ఎనిమిదోది పనిచేసింది. నలభై నాలుగు డిగ్రీల దగ్గర పది నిమిషాలు దాని ఆవిరి పట్టించి, సన్నటి కరెంటు పెట్టి చల్లారిస్తే, రేణువులు నిండిన ఆ గదిలోనే పన్నెండు పొరల్లో తొమ్మిది బతికాయి. తర్వాత కొత్త స్ఫటికం పొడిని కావాలని వాటి మీద చల్లినా చావలేదు. మిగతా మూడూ చల్లారేటప్పుడు పగిలిపోయాయి. గవర్రాజు ఇంటి నుంచి పటికబెల్లం తెచ్చి అందరికీ పంచాడు.

కానీ బల్ల మీద పొర వేరు, మనిషి చెవి వేరు. పగిలిన పొరకి మందు లేదు. ఇంకో ఆర్నెల్లు బల్ల మీదే చేసి, ఆ మూడూ ఎందుకు పగిలాయో తేలాకే చెవుల సంగతి చూద్దామని సత్యవేణి నిశ్చయించుకుంది. ఫోనులో సూరిబాబుకు ఆ మాటే చెప్పింది. అతను ఊఁ అన్నాడు.

మర్నాడు పదింటికి, డాక్టర్ షకీలాని కూడా వెంటబెట్టుకుని, పరిశోధనాలయానికి వచ్చేశాడు. ఎవరు వద్దంటున్నా వినకుండా లోపలికొచ్చి సత్యవేణి కుర్చీలో కూర్చున్నాడు. ఆ భవనంలో దానికంటే మైలపడిన చోటు ఇంకోటి లేదు. ద్రావణం గదిలోంచి వచ్చిన సత్యవేణి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. ఐదు వారాలైంది అతన్ని చూసి. చిక్కిపోయాడు. మరుక్షణమే ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. కుడిచెవి ఎలాగూ పోయింది, ఉన్నది ఎడమచెవి ఒక్కటే, దాన్ని కూడా తెచ్చి ఈ దుమ్ములో పెడతావా, సాయంత్రానికి అదీ పోతుంది, బుద్ధుందా బావా అని తిట్టింది. సూరిబాబు అలవాటుగా కళ్లు మూసుకున్నాడు. ఆమె ఆపలేదు. ఎడమచెవి వింటోంది కనక ఎత్తు పారలేదు. అతనికే నవ్వొచ్చి కళ్లు తెరిచాడు.

"ఆర్నెల్లంటే నావల్ల కాదే సత్యా. ఫోన్లో నీ మాట బాగానే ఇనపడతంది. కానీ పదకొండేళ్లు నీ మొకం సూసి మాట తెలుసుకున్నోణ్ని. ఉత్త మాటొక్కటే వత్తే సగమే వచ్చినట్టుంటంది. ఆ మిగతావోళ్లకి సెయ్యాలన్నా ముందు మనింట్లో జరగాలి గదా. కానియ్యి."

సత్యవేణి డాక్టరు వైపు చూసింది. నిన్నటినుంచీ చెప్పి చూశాను, వింటేగా అంది షకీలా. ఇంక వెనక్కి పోవడమంటూ లేదు. అతను ఆ కుర్చీలో కూర్చున్న క్షణంలోనే ఎడమచెవిని పందెం కాసేశాడు.

ముందు కుడిచెవి. షకీలా సన్నటి గొట్టం లోపలికి పంపి పట్టుకుంది. గవర్రాజు ఆవిరి వదిలాడు. సత్యవేణి వేడి చూపించే అంకెల ముందు కూర్చుంది. నలభై, నలభై రెండు, నలభై మూడు. చేతికైతే అది స్నానానికి పనికొచ్చే వేడే. చెవి లోపల మాత్రం నిప్పే. సూరిబాబు కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకున్నాడు. నలభై నాలుగు దాటగానే తల తిరిగిపోతోందన్నాడు. పది నిమిషాలు ఆమె అంకెల మీంచి కళ్లు తిప్పలేదు. కరెంటు పెట్టి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దించింది. ముప్పై ఎనిమిది దగ్గర ఆపి, లేచి అతని కుడిపక్కకు వెళ్లి, మొహం కనపడకుండా కాస్త వెనగ్గా నిలబడింది. షకీలా అతని ఎడమచెవిని గట్టిగా మూసిపెట్టాక, పొద్దున్న ఏం తిన్నావు బావా అంది.

"పెసరట్టు. మాడిపోయింది," అన్నాడు సూరిబాబు.

గవర్రాజు పైపంచెతో కళ్లు తుడుచుకున్నాడు. కానీ పని సగమే అయింది. దుమ్ము తగిలిన ఎడమచెవికీ అదే చేయాలి, చేయకపోతే సాయంత్రానికి అదీ చస్తుంది. మళ్లీ గొట్టం, మళ్లీ ఆవిరి, మళ్లీ అవే అంకెలు. ఆమె చేతిలో తేడా ఏమీ లేదు. దించుతూ నలభై ఒకటి దగ్గరికి వచ్చేసరికి సూరిబాబు తల చిన్నగా అదిరింది.

"పటుక్కుమంది," అన్నాడు.

ఆ చప్పుడు అతను తప్ప ఇంకెవరూ వినలేదు. ఆ చెవి విన్న చివరి చప్పుడు కూడా అదే. షకీలా దీపం వేసి లోపలికి చూసి, పొర మధ్యకి చీలిందని మెల్లిగా చెప్పింది. సత్యవేణి అతని కాళ్ల దగ్గర కూలబడి, నేనే పోగొట్టాను బావా అంది. ఆ మాట ఎడమవైపు నుంచి అనడంతో, ఏంటీ అంటూ అతను కుడిచెవి ఆమెవైపు తిప్పాడు. ఆమె లేచి ఆ పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఐదు వారాల తర్వాత అతని పక్కన కూర్చోవడం అదే మొదలు.

మధ్యాహ్నం దాటాక చేయాల్సిన పని ఒకటి మిగిలింది. ఆరుగురికి ఫోన్లు చేయాలి. బల్ల మీద పన్నెండింట తొమ్మిది. మనిషి చెవిలో రెండింట ఒకటి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఒక్క అంకె కూడా దాచకూడదు. సత్యవేణి ముందుగా నాగరత్నానికి చేసింది. అంతా చెప్పింది. దుమ్ముకి దూరంగా ఉంటే ఉన్న చెవి ఉన్నట్టే ఉంటుందనీ, వస్తే రెండూ రావచ్చు, ఒకటే రావచ్చు, రెండూ పోవచ్చనీ చెప్పింది. అంతా విని నాగరత్నం అడిగింది ఒక్కటే.

"ఉన్న ఒక్కటీ పోతే నేనేమైపోవాలండీ?"

సూరిబాబు ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని కుడిచెవికి ఆనించుకున్నాడు. షెడ్డులో బండి ఎప్పటికి తయారవుతుందని అడిగినవాళ్లకు చెప్పే గొంతుతోనే మాట్లాడాడు.

"నమస్కారవండి, నేను సూరిబాబునండి, ఆవిడ పెనిమిటిని. ఇయ్యాల పొద్దున్నే నాకు సేశారండి. ఒకటొచ్చింది, ఒకటి పోయిందండి. పోయింది ఇంక రాదంట. మీరు రండనీ అనను, మానెయ్యండనీ అనను. మా ఆవిడ ఇక్కడ నా పక్కనే కూసుందండి. మీరడిగిందానికి ఏం సెప్పాలో తెలీక ముక్కు ఎగబీలుత్తంది. అది కూడా ఇనపడతందండి నాకు."

నాగరత్నం, రేపు పొద్దున్న పాసింజరు ఎక్కితే తొమ్మిదిన్నరకల్లా కాకినాడలో దిగుతానని, డాక్టరు గారిని ఉండమనమని చెప్పింది.